ఉభయకుశలోపరి

మా తాతయ్యకు వచ్చిన ఉత్తరాలన్నీ దూలానికి వేలాడే ఇనుపతీగకు గుచ్చి ఉండేవి. ఏ కార్డు తీసినా మొదటి మాట ఒకటే: ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తున్నాం, ఇకపోతే సంగతేమంటే అని. ఆ మాటను దాటేసి సంగతిలోకి దూకడం నాకు చిన్నప్పటి అలవాటు. యుద్ధాలకు ముందటి ఏళ్ల డైరీలు, ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాకే ఆ మాట దగ్గర ఆగడం వచ్చింది.

ఇంగ్లండులో వేరా బ్రిట్టెన్ అనే అమ్మాయి 1913 నుంచి డైరీ రాసింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదవాలని ఆమె పట్టుదల. 1914 జులైలో తమ్ముడు ఎడ్వర్డ్ చదివే అప్పింగ్‌హమ్ బడి వార్షికోత్సవానికి వెళ్లింది. ఎడ్వర్డ్ స్నేహితుడు రోలండ్ లైటన్‌కు ఆ రోజు బోలెడు బహుమతులు వచ్చాయి. ఆమె మనసంతా అతని మీదే. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. 1915 క్రిస్మస్‌కు యుద్ధరంగం నుంచి రోలండ్ సెలవు మీద వస్తాడని బ్రైటన్‌లో ఎదురుచూస్తున్న ఆమెకు, అతను 23వ తేదీనే చనిపోయాడన్న కబురు అందింది. 1918 జూన్‌లో ఇటలీలో ఎడ్వర్డ్ కూడా పోయాడు. ఇదంతా తెలిసి ఆ జులై పేజీలు చదువుతుంటే, పరుగెత్తుకెళ్లి ఆ పిల్లల్ని ఆపాలనిపిస్తుంది. మన కేక వాళ్లకు వినపడదు.

నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచినవి మాత్రం విక్టర్ క్లెంపరర్ డైరీలు. డ్రెస్డెన్‌లో ఫ్రెంచి సాహిత్యం చెప్పే ఆచార్యుడు, యూదు మతగురువు కొడుకు, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడినవాడు. మొదటిసారి చదివినప్పుడు హిట్లర్ పేరు ఎక్కడుందా అని వెతుక్కుంటూ పేజీలు తిప్పాను. ఇంటి గొడవలు, పిల్లి, గుండెదడ ఇవన్నీ అడ్డంగా తోచాయి. రెండోసారి నెమ్మదిగా చదివాను. పుస్తకమే మారిపోయినట్టయింది.

భార్య ఏవాకు సొంత ఇల్లు, తోట కావాలి. ఈయనకేమో అప్పు ఎక్కడ పుడుతుందా అని దిగులు. ఎలాగో కట్టుకుని 1934 శరత్కాలంలో ఊరి అంచున డోల్చెన్‌లో ఆ ఇంట్లో చేరారు. మరుసటి ఏడే ఉద్యోగం పోయింది. అయినా 1936లో, యాభై నాలుగేళ్ల వయసులో, భయపడుతూనే కారు నేర్చుకుని పాత ఓపెల్ ఒకటి కొన్నాడు. పెట్రోలు ఖర్చు, మరమ్మతులు, దారిలో ఆగిపోవడాలు, ఏవాతో కలిసి తిరిగొచ్చిన ఊళ్లు, అన్నీ రాసుకున్నాడు. ఆ పేజీల్లో మనమూ వెనక సీట్లో కూర్చుంటాం. 1938 డిసెంబరులో యూదుల డ్రైవింగ్ లైసెన్సులు చెల్లవన్నారు. ఆ నెలలోనే ఆయనకు గ్రంథాలయం తలుపు కూడా మూసుకుంది. ఏళ్ల తరబడి రాస్తున్న ఫ్రెంచి సాహిత్య చరిత్ర అక్కడే ఆగిపోయింది. తర్వాత ఇల్లు పోయింది. 1942లో, యూదుల ఇళ్లలో పెంపుడు జంతువులు ఉండకూడదన్న ఉత్తర్వుతో, పిల్లికీ ఆయుష్షు తీరింది.

కారు పేజీలు దాటేసిన వాళ్లకు లైసెన్సు రద్దు ఒక చట్టం, చరిత్ర పుస్తకంలో ఒక పంక్తి. ఆ కారులో తిరిగిన వాళ్లకు అది చేతిలోంచి లాక్కున్న ఆదివారం. ఉత్తర్వులు ఏం తీసుకుపోయాయో చెప్పగలిగేవి ఆ చిల్లర సంగతులే. వాటిని రాసినవాడు లోకజ్ఞానం లేనివాడు కాదు. పత్రికల్లో మాట ఎలా కుళ్లిపోతోందో వాటి పక్కనే పట్టి రాశాడు. 1947లో ఆ టిప్పణాల్లోంచే నాజీల భాష మీద పుస్తకం తెచ్చాడు. రేపు ఎలా ఉంటుందో తెలియకుండానే ఈ రోజును వదలకుండా రాశాడు. ఆ కాగితాల్ని ఏవా ప్రాణాలకు తెగించి పిర్నాలోని ఒక డాక్టరు స్నేహితురాలి ఇంటికి చేరవేసేది. దొరికితే ముగ్గురికీ ముప్పే. గుండె జబ్బుతో రేపో మాపో పోతానని పేజీ పేజీకీ భయపడిన మనిషి 1960 దాకా బతికాడు.

అందుకే ఇప్పుడు ఆ డైరీల్లో పంటినొప్పి, కూరగాయల ధర, వాన రాకడ ఏదీ దాటేయను. వాటి మీదే యుద్ధం వచ్చి పడింది.

మొన్న ఊరెళ్లినప్పుడు తీగలోంచి ఒక కార్డు తీశాను. అంచులు చెద కొట్టేసింది. ఉభయకుశలోపరి. గేదె ఈనింది, పెయ్యదూడ. వాన పడితే నారు పోస్తాం. అంతే ఉంది. ఇటువైపు అందరూ, అటువైపు అందరూ బతికి ఉన్నారన్న వార్త అన్నిటికన్నా ముందు రాసుకున్నారు మావాళ్లు. ఆ మొదటి మాటను రెండుసార్లు చదివి, కార్డును మళ్లీ తీగకు గుచ్చాను.