ఒక్క వాక్యం, దాని వెనుక ఆధారం

చైనా మహాకుడ్యం చంద్రునిపై నుండి కనిపిస్తుందన్న వాక్యాన్ని మేము బాల్యం నుండీ వింటున్నాము. మా విద్యార్థులు నేటికీ దానిని క్విజ్ పోటీల కోసం కంఠస్థం చేస్తుంటారు. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవే భూమి చుట్టూ తిరిగివచ్చి, తనకు ఆ గోడ కనిపించలేదని చెప్పాడు. చంద్రుని మాట అటుంచండి, ఆయన తిరిగినది భూమికి ఎంతో చేరువలోనే! అయినా ఆ వాక్యం చావలేదు. పొట్టి వాక్యానికి ఆయుష్షు ఎక్కువ.

ఇటువంటి వాక్యాలను ప్రచురణకు ముందే నిలిపి ప్రశ్నించేవారు కొందరున్నారు. ఆంగ్ల వికీపీడియా మొదటి పుటలో 2004 నుండి ‘మీకు తెలుసా?’ అనే అర్థం గల శీర్షిక వస్తున్నది. అందులోని వాక్యం 200 అక్షరాలు దాటరాదు. వ్యాసంలో దానికి ఆధారం ఉండాలి. ప్రతిపాదించినవారు తమ వాక్యాన్ని తామే ఆమోదించుకోరాదు. మరొకరు ఆధారంతో సరిచూడాలి. అనుభవజ్ఞులైతే, తాము ఒకటి ప్రతిపాదించినందుకు బదులుగా ఇతరులది ఒకటి పరిశీలించాలి. ఇదంతా జీతం లేని సేవ.

‘మొట్టమొదటి’, ‘ఏకైక’ వంటి మాటల పట్ల వారి అనుమానం మాకెంతో నచ్చింది. మూలంలో ‘తొలివారిలో ఒకరు’ అని ఉంటుంది. ‘ఒకరు’ తొలగిస్తే వాక్యానికి రుచి వస్తుంది, సత్యం పోతుంది. పాఠం చెప్పేవారికి ఈ ప్రలోభం కొత్త కాదు.

తెలుగు వికీపీడియాలోనూ ఆ శీర్షిక ఉన్నది. హైదరాబాదును గురించిన వాక్యానికి మూలం ఉర్దూ గ్రంథమైతే, దానిని తెరచి చదవగల పెద్దలు మన ఇళ్ళలోనే ఉన్నారు.