కూపర్ క్రీక్ ఒడ్డున

పోయిన జూలైలో, ఆస్ట్రేలియాలో ఉన్న మా అబ్బాయి అడిలైడ్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ఇన్నమింకకు మమ్మల్ని కారులో తీసుకువెళ్ళాడు. ఎర్రమట్టి ఎడారి మధ్య కూపర్ క్రీక్ అనే ఏరు. ఒడ్డున కూలిబా చెట్ల కింద రెండు గుడారాలు వేశాం. అక్కడ అది చలికాలం. వెంట తెచ్చుకున్న కట్టెలతో నెగడు వేసుకున్నాం.

తేమనేలలో నాలుగాకుల మొక్క చూసి మా ఆవిడ, "ఇది మన హోసూరు మళ్ళలో ఆరైక్కీరై కాదటండీ?" అంది. దాని దాయాదేనట, పేరు నార్డూ. 1861లో బర్క్, విల్స్ అనే అన్వేషకులు ఈ ఏటి ఒడ్డునే దాని కాయల పిండి తింటూ కూడా చిక్కిశల్యమై చనిపోయారు. సరిగ్గా శుద్ధి చేయకుంటే అది ఒంట్లోని బి1 విటమినును పాడుచేస్తుంది. నీళ్ళతో నూరి దోషం తీసే పద్ధతి స్థానిక యాండ్రువాంధా ప్రజలకు తెలుసు. వాళ్ళను ఆశ్రయించిన కింగ్ ఒక్కడే బతికి బయటపడ్డాడు.

ఆ రాత్రే అబ్బాయి, "నాన్నా, మేమిక ఇక్కడే ఉండిపోతాం" అన్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. మా పెద్దలూ ఒకనాడు ఊరు విడిచి వచ్చినవాళ్ళే కదా! వాళ్ళు తమిళం, కన్నడం నేర్చారు, ఇక్కడివాళ్ళను అడిగి సేద్యం చేశారు, ఇంట్లో తెలుగు మాత్రం వదల్లేదు.

"ఉండరా. ఆ నేలవాళ్ళను అడిగి బతుకు. పిల్లవాడితో మాత్రం తెలుగులోనే మాట్లాడు" అన్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం మనవడు ఫోనులో, "తాతా, తిన్నావా?" అని అడుగుతున్నాడు.