సాగర తీరాన కాలినడక

వీపున సంచులు తగిలించుకొని, నలుగురు మిత్రులు కలిసి సముద్రపు ఒడ్డు వెంట రోజుల తరబడి నడవాలన్న కోరిక మీకు కలగవచ్చు. మంచి కోరికే. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లాలోని బారువ వరకు ఉన్న తీరం అందుకు చక్కగా సరిపోతుంది. దూరం సుమారు 200 కిలోమీటర్లు. రోజుకు పాతిక చొప్పున ఎనిమిది రోజుల్లో ముగించవచ్చని పటం చూసి చాలామంది లెక్క వేస్తారు. ప్రమాదమంతా ఆ లెక్కలోనే ఉంది. ఇసుకలో, బరువుతో, ఎండలో నడిచే మనిషికి రోజుకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు చాలు. అంటే విశ్రాంతితో కలిపి పదహారు రోజులు కావాలి. అంత సెలవు దొరక్కపోతే దారిని కుదించుకోండి. రోజువారీ నడకను మాత్రం పెంచకండి.

కాలం ఎంపిక ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. మార్చి వచ్చిందంటే ఎండ ముదురుతుంది. డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు అనుకూలం. ఆ రోజుల్లో కూడా ఉదయం ఆరు నుంచి పది వరకు, మళ్లీ మూడున్నర తర్వాత నడవాలి. చీకటి పడకముందే ఊరు చేరాలి.

బయలుదేరడానికి ఆరు వారాల ముందు నుంచే అలవాటు చేసుకోండి. మొదట వట్టి చేతులతో, తర్వాత సంచితో నడవండి. అరవై కిలోల మనిషి ఎనిమిది, తొమ్మిది కిలోలకు మించి మోయరాదు. నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు తప్పక వైద్యుని సంప్రదించాలి. మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, బొబ్బ లేచినా తెలియదు. వారు ఇసుకలో చెప్పుల్లేకుండా నడవకూడదు. రాత్రి పడుకునే ముందు పాదాలు పరీక్షించుకోవాలి. జేబులో పంచదార ఉంచుకోవాలి.

విశాఖ నుంచి భీమిలికి పాతిక, ముప్ఫై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దీనికి రెండు రోజులు పెట్టుకోండి. రుషికొండ, తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే ఉన్నాయి. పక్కనే రోడ్డు ఉంటుంది కనుక ఈ రెండు రోజులనూ మీ కాళ్లకు పరీక్షగా భావించండి. ఉత్తరంగా నడిచేవారికి సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. ఒడ్డు అటే వాలి ఉండడం వల్ల కుడికాలు రోజంతా పల్లంలో, ఎడమకాలు మెరకలో పడతాయి. మడమ, మోకాలు, తుంటి నొప్పులు ఇలాగే మొదలవుతాయి. అందుచేత నీరు వెనక్కి తగ్గినప్పుడు గట్టిపడిన తడి ఇసుక మీద నడవండి. మధ్యమధ్య ఊరి బాట పట్టండి. పోటు సమయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికి, అమావాస్యకు నీరు ఎక్కువ లోపలికి వస్తుంది. భీమిలి చేరేసరికి మోకాలు వాచిందా? బస్సెక్కి ఇంటికి రండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, కళ్లేపల్లి వైపు నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. మోకాలి లోతు నీరు కనబడినా ఈ మొగల్లో దిగి దాటకండి. ఇసుక తిన్నెలు జరిగిపోతుంటాయి. నిన్న నడిచిన చోట నేడు గుంట ఉండవచ్చు. పాటు సమయంలో నది నీరు వడిగా సముద్రంలోకి లాగుతుంది. వీపున సంచి ఉన్న మనిషి ఈతగాడైనా నిలదొక్కుకోలేడు. అక్కడి మత్స్యకారులను అడిగి పడవలో దాటండి. వారు వద్దంటే లోపలి వంతెన మీదుగా బస్సులో వెళ్లండి. ఆ నీటి సంగతి వారికి తెలిసినంతగా పటానికి తెలియదు.

అంత నీటి పక్కన నడుస్తూ దాహంతో పడిపోవడం వింతగా తోచవచ్చు. సముద్రపు నీటిలో లీటరుకు 30 నుంచి 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు శరీరంలోని మంచి నీటిని కూడా ఖర్చు చేస్తాయి. కనుక తాగినకొద్దీ దాహం పెరుగుతుంది. చల్లని గాలి చెమటను ఆర్పేస్తుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు. మనిషికి మూడు లీటర్లు వెంట ఉంచుకొని, ప్రతి ఊళ్లో నింపుకోండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీరు చాలలేదన్నమాట. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లం కలుపుకోండి. అది లేకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టి కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగండి. ఎండలో ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వెంటనే నీడకు చేర్చండి. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, విసురుతూ, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

కళింగపట్నంలో ఒక రోజు పూర్తిగా ఆగండి. అప్పటికి సగం దారి దాటి ఉంటారు. సమీపంలోని శాలిహుండం స్తూపాలను చూడాలంటే ఏదైనా వాహనంలో వెళ్లండి. ఆ రోజు పాదాలకు సెలవు. తర్వాత, 2023లో ఓడరేవు పనులు మొదలైన మూలపేట పరిసరాల్లో ఒడ్డు వదిలి లోపలి రోడ్డున సాగడం మేలు. జనవరి నుంచి ఈ తీరానికి తాబేళ్లు రాత్రివేళ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో దీపాలు వెలిగించి పడుకోక, ఊళ్లో అనుమతి అడిగి బస చేయండి.

చివరిగా ఒక నియమం. జట్టులో అందరికంటే మెల్లగా నడిచేవారిని ముందు నడిపించండి. మిగిలినవారు వెనక నడవాలి. ప్రతి సాయంత్రం ఏ ఊళ్లో ఉన్నారో ఇంటికి తెలియజేయండి. ఈ రెండూ పాటిస్తే బారువ దీపస్తంభాన్ని నలుగురూ కలిసే చూస్తారు.