పొద్దు వాలాక పూలు

వేసవి సెలవులు వచ్చాయంటే అమెరికాలో మన తెలుగువాళ్ళం వెళ్ళే చోట్ల జాబితా దాదాపు ఒకటే. నయాగరా, డిస్నీ, గ్రాండ్ కాన్యన్. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే మాకు మాత్రం చుట్టాలొస్తే చూపించడానికి రెయినియర్ పర్వతం ఉంది. ఎత్తు 14,410 అడుగులు. 1899 నుంచి జాతీయ ఉద్యానవనం. దాని దక్షిణపు వాలు మీద 5,400 అడుగుల ఎత్తున ఉన్న చోటుకు పారడైజ్ అని పేరు. మనవాళ్ళు మధ్యాహ్నానికి అక్కడికి చేరి, పులిహోర పొట్లాలు విప్పి, కొండ ముందు నిలబడి ఫోటో తీయించుకుని, నాలుగింటికల్లా కారెక్కుతారు. అసలు సంగతి మొదలయ్యేది ఆ తర్వాతే.

పారడైజ్‌లో మంచు సామాన్యంగా ఉండదు. 1971-72 చలికాలంలో 1,122 అంగుళాలు కురిసింది. మామూలు ఏళ్ళలోనూ జులై వచ్చేదాకా నేల సరిగా బయటపడదు. మళ్ళీ మంచు పడేలోగా మొక్క చిగురు వేయాలి, పూయాలి, గింజ కట్టాలి. ఆలస్యానికి వ్యవధి లేదు కనుక అన్నీ ఒక్కసారే పూస్తాయి. ఆగస్టు మొదట్లో ఆ వాలంతా నీలం లూపిన్, ఎర్రని పెయింట్‌బ్రష్, తెల్లని బిస్టార్ట్.

ఫోటోలు తీయడం నాకు సరదా. సూర్యాస్తమయం వేళ పూలనీ కొండనీ ఒకే చిత్రంలో పట్టడం అంత తేలిక కాదు. పూలు అప్పటికే నీడలోకి వెళ్ళిపోతాయి. పైన మంచు మీద ఇంకా ఎండ ఉంటుంది. వాలిన సూర్యుడి వెలుగు దట్టమైన గాలి పొరల్ని దాటి రావడంలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అందుకే మంచు గులాబీరంగుకు తిరుగుతుంది. మంచుకు సరిపెడితే పూలు నల్లబడతాయి, పూలకు సరిపెడితే మంచు తెల్లగా పాలిపోతుంది. స్లయిడ్ ఫిల్ము రోజుల్లో దీనికి సగం ముదురుగా, సగం తేటగా ఉండే గాజుపలకను లెన్సు ముందు పెట్టేవారు. 1986లో 'మౌంటెన్ లైట్' అనే పుస్తకం వేసిన గేలన్ రోవెల్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. ఇప్పుడు డిజిటల్ కెమెరాతో రెండు ఫోటోలు తీసి కలుపుకోవచ్చు. కానీ గాలిని ఆపే సాధనం ఇంకా రాలేదు. అర సెకను పాటు పూలు కదలకూడదు. స్టాండు కాలిబాట దాటి పెట్టకూడదు, ఎందుకంటే అడుగు పడిన చోట మొక్క మళ్ళీ తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కనుక ఉన్నచోటే నిలబడి, రెండు గాలి తెరల మధ్య నిశ్శబ్దం కోసం కాచుకోవాలి.

నేను వృత్తిరీత్యా కంటి వైద్యుణ్ణి. మా అమ్మకి రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనపడదు, పక్కనున్న గుమ్మం కనపడుతుంది. పోయిన ఆ చూపును తిరిగి తెచ్చే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. 2023 ఆగస్టులో ఆవిడ మా దగ్గరికి వచ్చినప్పుడు పారడైజ్‌కి రమ్మన్నాను.

"నాకేం కనపడుతుందిరా, డబ్బు దండగ. పిల్లల్ని తీసుకెళ్ళు," అంది.

"సాయంత్రం పూట రామ్మా, చూద్దాం," అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. పర్కింజె అనే చెక్ శాస్త్రజ్ఞుడు 1825లో ఒక సంగతి రాశాడు. మసకవెలుతురులో ముందుగా కనబడేది నీలమనీ, పట్టపగలు మెరిసే ఎరుపు అప్పుడు అన్నిటికంటే నల్లగా ఉంటుందనీ. రెటీనా మధ్యలో ఉండే కణాలు వెలుతురులో పనిచేసి, చీకటి పడుతుంటే విరమిస్తాయి. చుట్టూ ఉండే కణాలు అప్పుడు మేల్కొంటాయి. వాటికి ఎరుపు దాదాపు ఆనదు, నీలం బాగా ఆనుతుంది. మా అమ్మకి మిగిలింది ఆ చుట్టూ ఉన్న చూపే.

ఎనిమిదిన్నర దాటింది. కొండ మీద గులాబీరంగు కూడా పోయింది. జనం వెళ్ళిపోయారు. అమ్మ శాలువా కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. మరో పావుగంటకి పెయింట్‌బ్రష్ నల్లబడిపోయింది. లూపిన్ మాత్రం లోపల దీపం పెట్టినట్టు తేటపడుతోంది. అమ్మ తల కొంచెం పక్కకి తిప్పి చాలాసేపు ఊరుకుంది.

"అవి శంఖుపూలు కావూ?" అంది.

"కావమ్మా. కానీ రెండూ ఒకే కుటుంబం, చిక్కుడు కుటుంబం," అన్నాను.

"మన దొడ్లో కంచె నిండా ఉండేవి, పూజకి కోసేదాన్ని," అంది. తర్వాత ఆవిడే, "ఇవి కొయ్యకూడదు కదూ," అంది.

ఆ క్షణాన్ని నేను ఫోటో తీయలేదు. తీసినా రాదు. కెమెరాని ఎంతసేపు తెరిచి ఉంచినా దానికి ఎరుపు ఎరుపే, నీలం నీలమే. పొద్దు వాలాక వెలిగే ఆ నీలం మనిషి కంటికి మాత్రమే దక్కుతుంది. మా అమ్మ కంటికీ దక్కింది.

కనుక మీకు నా మనవి ఒక్కటే. ఈసారి కొండలకు వెళ్తే నాలుగింటికి బయల్దేరకండి. పెరుగన్నం, చలికోట్లు, ఒక టార్చిలైటు వెంట ఉంచుకోండి. దోమల మందు కూడా మర్చిపోకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, "నాకేం కనపడుతుంది" అన్నా సరే, తీసుకెళ్ళండి. ఎండ ఉన్నంతసేపూ ఫోటోలు తీసుకోండి. ఎండ పోయాక కెమెరా సంచిలో పెట్టి, వాళ్ళ పక్కన ఒక అరగంట కూర్చోండి.