పత్తర్‌గట్టి నుంచి మైదానం ఎంత దూరం

మ్యాచ్ చూడాలని పత్తర్‌గట్టి నుంచి బయల్దేరిన ప్రతిసారీ మైదానం ఇంకాస్త దూరం జరిగిపోయేది. మొదట్లో నడిచిపోయేంత దూరం. తర్వాత మెట్రో, ఆటో. ఆ తర్వాత రాత్రంతా బస్సు.

మాది లాల్‌దర్వాజ. ఇంటర్ అయ్యాక పత్తర్‌గట్టిలో పెళ్లిబట్టల దుకాణంలో కుదిరాను. మదీనా నుంచి గుల్జార్ హౌజ్ వైపు నడుస్తుంటే రోడ్డుకు అటూ ఇటూ రాతి కమాన్ల వరస కనిపిస్తుంది చూడండి, మా దుకాణం అందులోదే. 1908 మూసీ వరద తర్వాత ఊరిని చక్కదిద్దే పనిలో, ఏడో నిజాం కాలంలో లేచిన కట్టడాలివి. ఎండాకాలం ఆ వరండాల్లో హాయిగా ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం కస్టమర్ల మధ్య ఉక్కపోతే.

దుకాణం మేడ మీద షేర్వానీలు కుట్టే పెద్దాయన్ని అందరూ మాస్టర్ అనేవారు, నేను చాచా అనేవాణ్ని. ఫుట్‌బాల్ పిచ్చి నాకు అంటించింది ఆయనే. క్రికెట్ స్కోరు అడిగితే వినబడనట్టు సూదిలో దారం ఎక్కించుకునేవాడు. బర్కస్ మనిషి. అక్కడ పిల్లాడికి నడక వచ్చేసరికి కాలి దగ్గర బంతి ఉంటుందంటారు. చిన్నప్పుడు, అంటే 1950లలో, ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటలు కళ్లారా చూశాడు. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెల్చుకొచ్చిన జట్టు అది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, అసలు వృత్తి బడిపంతులు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం దాకా భారత జట్టును నడిపించింది ఈ పంతులే. మరుసటేడు జూన్‌లో కేన్సర్‌తో పోయారు. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, అజీజ్, లతీఫ్, నూర్, జుల్ఫికర్... ఈ పేర్లు చాచా నోట వింటుంటే ఎదురు దుకాణం వాళ్ల గురించి చెబుతున్నట్టే ఉండేది.

రహీమ్ సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారట. బంతి అందగానే ఇంకొకడికి ఇచ్చేయాలి, దాచుకుంటే తప్పు. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. అందుకే కాబోలు, మ్యాచ్ ఎలా చూడాలో చాచా నాకు నేర్పిన మొదటి పాఠం కూడా అలాంటిదే. “బంతిని చూడకు బేటా, బంతి లేనోణ్ని చూడు. వాడు యాడికి ఉరుకుతుండో చూడు.”

2008 జూలై ఆఖర్లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు మన ఊరికొచ్చింది. ఇండియా ఆడేది లాల్ బహదూర్ స్టేడియంలో. ఫతే మైదాన్‌కు 1967లో ఆ పేరు పెట్టారు, కానీ చాచా ఒక్కనాడూ ఆ పేరు పలకలేదు. సేఠ్‌ను బతిమాలి ఇద్దరం ముందే బయటపడ్డాం. మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్. వానాకాలం కదా, మూసీ వాసన నయాపూల్ దాటినా వదల్లేదు. దారంతా చాచా నన్ను నడిపించాడు గానీ నేను ఆయన్ని కాదు.

ఎదురుగా అఫ్గానిస్తాన్. గ్యాలరీలు చాలావరకు ఖాళీ. తడిసిన గడ్డిలో బంతి పారదు, ఆగదు. భూటియా, ఛెత్రి ఎంత తన్నుకులాడినా గోలు పడలేదు. తొంభై నిమిషాలు దగ్గర పడ్డాయి. బస్సు దొరకదని మా ముందు వరస వాళ్లు లేచి చెప్పులు వేసుకున్నారు. నేనూ లేవబోతే చాచా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. ఇంజురీ టైమ్‌లో క్లైమాక్స్ లారెన్స్ గోలు కొట్టాడు. పేరే క్లైమాక్స్! సినిమావాళ్లు రాసుకొస్తే ఎవడూ నమ్మడు. మెట్ల మీద ఉన్నవాళ్లు వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి ఆటగాళ్లంతా ఒకరి మీద ఒకరు కుప్పపడి ఉన్నారు.

ఆ వానలకు మైదానం బురదైపోయి ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. ఛెత్రి మూడు గోల్స్‌తో తజికిస్తాన్ మీద 4-1తో గెలిచాం, 2011 ఆసియా కప్పులో చోటు దక్కింది. దుకాణంలో చీరలు మడతపెడుతూ టీవీలో చూశాను. ఇక్కడ మొదలైన కప్పు అక్కడ ముగిసిందని చాచా గొణుక్కున్నాడు.

తర్వాత చాలా ఏళ్లు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు పుట్టింది. ఆడేది గచ్చిబౌలిలో. అప్పటికి చాచా మోకాళ్లు మొరాయించాయి. పక్క అత్తరు దుకాణంలో పనిచేసే బర్కస్ దోస్తును వెంటేసుకుని నవంబర్ 2న బయల్దేరాను. ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగి, ఆటోవాడితో బేరమాడి స్టేడియం చేరేసరికి సగం శక్తి అయిపోయింది. ఒకే ఊళ్లో ఇంత ప్రయాణమా అనిపించింది. ఆ అద్దాల మేడలు చూసి మావాడు, “ఇది మన హైదరాబాదేనా మియా?” అన్నాడు.

కేరళ బ్లాస్టర్స్‌తో ఆట. సొంతూళ్లో మొట్టమొదటి మ్యాచ్. సగం గ్యాలరీ మలయాళీలదే, వాళ్ల డప్పుల ముందు మా అరుపులు ఎంత? రాహుల్ కేపీ అనే కుర్రాడు ముందుగా గోలు కొట్టాడు. రెండో సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేస్తే, చివర్లో మార్సెలీన్యో ఫ్రీకిక్ గోడను దాటి వలలో పడింది. 2-1. ఆ సీజన్‌లో మా జట్టు పద్దెనిమిది మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ రెండిట్లో ఒకటి నేను చూశాను, అది చాలు.

కరోనా వచ్చి రెండు సీజన్లు లీగంతా గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా నడిచింది. మన జట్టు సరిగ్గా అప్పుడే బాగుపడింది. కోచ్ మనోలో మార్కెస్, ముందు వరసలో ఒగ్బెచే. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, దానికి జనాన్ని రానిస్తామన్నారు. ఎదురుగా మళ్లీ కేరళే. లక్డీకపూల్‌లో గోవా బస్సెక్కాం. మా బస్సులో బీచ్‌కు పోయే కుర్రాళ్లే అందరూ. పసుపు జెర్సీలు వేసుకున్న మా ఇద్దర్ని వింతగా చూశారు.

మడగావ్‌లో దిగి చూస్తే ఊరంతా పసుపే. మా గుండె పొంగింది, రెండు నిమిషాలే. అది కేరళవాళ్ల పసుపు. వాళ్ల రంగూ, మా రంగూ ఒకటే. లీగ్ పట్టికలో పైన ఉన్నందుకు మైదానంలో పసుపు మాకు దక్కింది, వాళ్ల ఆటగాళ్లు నలుపు-నీలం చారల్లో దిగారు. గ్యాలరీలో మాత్రం మా చుట్టూ ఉన్న పసుపంతా మమ్మల్ని ఓడించడానికి వచ్చినదే. ఒక మలయాళీ అన్న మమ్మల్ని సొంతవాళ్లనుకుని అరటికాయ చిప్స్ ఇచ్చాడు. తిన్నాక చెప్పాం. నవ్వి ఇంకో గుప్పెడు పెట్టాడు.

అరవై ఎనిమిదో నిమిషంలో గోలు. కొట్టింది రాహుల్ కేపీ! రెండేళ్ల కిందటి ఆ కుర్రాడే. చుట్టూ హోరుకు చెవులు గింగుర్లెత్తాయి. ఎనభై ఎనిమిదో నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా గాల్లోని బంతిని గాల్లోనే తన్నాడు. 1-1. అన్ని వేలమంది నిశ్శబ్దంగా ఉండగా మేం ఇద్దరం మాత్రమే గెంతుతుంటే కొంచెం భయం కూడా వేసింది.

అదనపు అరగంటలోనూ తేలక పెనాల్టీలకు పోయింది. గోవా కుర్రాడే అయిన మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. నిజానికి నాలుగనాలి. నిషు కుమార్ షాట్‌ను ఆపితే గీత దాటి ముందుకొచ్చాడని మళ్లీ కొట్టించారు, దాన్నీ ఆపాడు. నర్జారీ చివరి పెనాల్టీ లోపలికి పంపగానే 3-1. మావాడు బర్కస్‌కు వీడియో కాల్ చేశాడు. తెరమీద చాచా కళ్లజోడు సర్దుకుని, “ఆ తవోరాకు బంతి రాకముందు యాడ నిలబడ్డడో చూసినవా?” అని అడిగాడు. చూళ్లేదు. చూశానని చెప్పాను.

మరుసటేడు మార్చి 9న గచ్చిబౌలిలో సెమీఫైనల్ మొదటి మ్యాచ్, ఏటీకే మోహన్ బగాన్‌తో. 0-0. గోలు పడకపోయినా అంత ఉత్కంఠగా సాగిన ఆట నేను ఇంకోటి చూడలేదు, ఆఖరి మెట్రో కోసం పరిగెత్తడం కూడా అందులో భాగమే అనుకుంటే. రెండో మ్యాచ్ కోల్‌కతాలో పెనాల్టీల్లో పోయింది. 2024 నవంబర్ 18న మలేషియాతో భారత జట్టు ఆట కూడా గచ్చిబౌలిలోనే చూశాను. గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకురికి ఖాళీ వల అప్పజెప్పాడు, భేకే తలతో కొట్టి సమం చేశాడు. 1-1. డగౌట్‌లో మళ్లీ మనోలోనే, ఈసారి దేశానికి కోచ్‌గా. ఆ ఏడాదంతా ఇండియా ఒక్క మ్యాచ్ గెలవలేదు. రహీమ్ సాబ్ ఊళ్లో ఆ లెక్క పూర్తికావడం మాత్రం నాకు నచ్చలేదు.

2025 అక్టోబర్‌లో క్లబ్బును ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. కొన్నవాళ్ల ఇష్టం, కానీ జట్టును కొన్నారు గానీ నన్ను కొనలేదు. ఢిల్లీకి టికెట్ తీయను. నా పసుపు జెర్సీని మా అబ్బాయి వేసుకుంటున్నాడు, మోకాళ్ల దాకా వస్తుంది. వాణ్ని బర్కస్ మైదానానికి తీసుకురమ్మని చాచా కబురు పెట్టాడు. శుక్రవారం మా దుకాణానికి సెలవు. చార్మినార్ నుంచి ఎన్ని బస్సులైనా ఉన్నాయి.