నాయన పద్మినిని లారీ ఎక్కించిన సంగతి

హొసకోటెలో పుట్టి పెరిగిన మాకు కార్లు మోసే లారీలు కొత్త కాదు. వోల్వో లారీల ఫ్యాక్టరీ 1998 నుంచి ఊరి పక్కనే ఉంది. పాత మదరాసు రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, కార్ల ట్రెయిలర్లు పోతానే ఉంటాయి. అయినా మా ఇంటి కారునే పంపాల్సి వచ్చేసరికి, తెరిచిన లారీనా మూసిన లారీనా అని వారం రోజులు తేల్చుకోలేకపోయినాము.

అది నాయన కారు. 1984 ప్రీమియర్ పద్మిని, 1992లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆ బండ్ల తయారీ 2000 ప్రాంతంలో నిలిచిపోయినాక, ఏ సామాను కావాలన్నా బెంగళూరు జె.సి. రోడ్డులో అంగడి అంగడి తిరిగి తెచ్చేవాడు. నాయన పోయి రెండేండ్లయింది. ఇల్లు పెంచేదానికి షెడ్డు కొట్టాల్సి వచ్చింది. గుజరీ వాడు వచ్చి చూసి ముప్పై వేలు ఇస్తానన్నాడు. విశాఖపట్నంలో ఉండే అన్న మాత్రం, “అమ్మొద్దండి, నాకు పంపండి” అన్నాడు.

తెరిచిన ట్రెయిలర్‌కు 18 వేలు అడిగినారు. మూసినదానికి 31 వేలు, అదీ లోడు నిండేదాకా కాచుకోవాలంట. “కారు ధర కన్నా బాడుగ ఎక్కువైతే ఎట్లప్పా?” అన్నాడు చిన్నాయన. ఆయన మాటలో తప్పు లేదు.

టెస్టింగ్ ఉద్యోగం అలవాటు కొద్దీ ఏమేమి చెడిపోవచ్చో పట్టీ రాసినాము. తెరిచినదానిలో దుమ్ము, ఎండ, ముందు లారీ చక్రాల కింద నుంచి ఎగిరే రాళ్ళు. పైన ఉండే కారు ఆయిల్ కారిస్తే కింద కారు మీద పడుతుంది. మూసినదానిలో అవి తక్కువే గాని, రెండు పక్కలా చోటు ఇరుకు. కొత్త కార్లకు తెరిచినదే చాలనిపించింది, గీత పడితే రంగు దొరుకుతుంది. మా పద్మిని రంగు ఎటూ మాసిందే, అందుకే మేమూ తెరిచినదానికే మొగ్గినాము.

అప్పుడు అమ్మ నాయన పుస్తకం తెచ్చి ముందర పెట్టింది. కారుకు చేసిన ప్రతి పనీ అందులో రాసేవాడు. మాటలు తెలుగు, అక్షరాలు కన్నడం. మా ఇంట్లో బడి చదువంతా కన్నడమే, నాయన రాత మాకు చదివేదానికి సులువు. చివరి పేజీల్లో ఒకే మాట మూడుసార్లు ఉంది: ముందు అద్దం రబ్బరు పగిలింది, వాన నీళ్ళు లోపలికి పోతా ఉన్నాయి, వానలో తీయరాదు.

మేము పంపేది అక్టోబరులో. ములబాగిలు, పలమనేరు, చిత్తూరు, తిరుపతి దాటి నాయుడుపేట దగ్గర ఎక్కే రోడ్డు అక్కడినుంచి విశాఖ దాకా కోస్తా వెంబడే పోతుంది. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చే కాలం. నేల రేకు ఇప్పటికే తుప్పు పట్టింది. రంగు కోసం కాదు, ఆ రబ్బరు కోసం మూసిన లారీ అనుకున్నాము. చిన్నాయన ఇంకేమీ అనలేదు, మూడు వేలు తానే ఇచ్చినాడు.

ఆ లారీ మా వీధిలో తిరగదు. రోడ్డు దాకా మేమే తోలుకుపోవాలి. బ్యాటరీ మార్చి, బ్రేకులు సరిచేసి, పెట్రోలు కొంచెమే పోసినాము. నాలుగు పక్కలా, లోపల, మీటరు అంకెలు, అన్నీ ఫోటోలు తీసినాము. ఆర్‌సీ, ఇన్సూరెన్సు నకళ్ళు ఇచ్చినాము. బండి ఇన్సూరెన్సు వేరు, దారిలో సరుకుకు చేసే ట్రాన్సిట్ ఇన్సూరెన్సు వేరు అని అప్పుడే తెలిసింది. దాని కాగితంలో కారు విలువ రాయాలి. ముప్పై వేలు అని రాసేటప్పుడు అమ్మ అటు తిరుక్కునింది.

లోడు చేసే పిల్లవాడికి ఇరవై ఏండ్లు ఉంటాయేమో. స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు వాడు ఎప్పుడూ చూడలేదు. ఇన్ని రాసిన మా పట్టీలో ఈ మాట లేదు. నాయన పాత మెకానిక్‌ను పిలిపించినాము. ఆయన ఒక్కసారికే కారును లోపలికి ఎక్కించినాడు. చక్రాలకు బెల్టులు కట్టేదాకా పక్కనే నిలబడి, ఇరుకులో కష్టపడి దిగినాడు.

విశాఖలో దించేటప్పుడు అట్లాంటి మనిషి లేడు. ఎవరో తలుపు తెరిచి లారీ గోడకు కొట్టినారు. కుడి తలుపు మీద జానెడు గీత. మా ఫోటోలో ఆ గీత లేదు కాబట్టి వాళ్ళు కాదనలేక 1,500 తగ్గించినారు. మూసిన లారీకి అంత పెట్టి గీత తెచ్చుకున్నామని చిన్నాయన నవ్వినాడు.

అమ్మ ఫోనులో గీత సంగతి అడగలేదు. “లోపల తడిసిందా?” అనింది. దారిలో రెండు రోజులు వానేనంట, లోపల మాత్రం పొడిగానే ఉందన్నాడు అన్న.

ఇక ఎన్‌ఓసీ తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు వేయించాలని చట్టం. కర్ణాటక నంబరు పోతుందని అమ్మకు కొంచెం బాధ. పుస్తకం కూడా కారుతోనే పంపినాము. అన్న పోయిన వారం కొత్త రబ్బరు వేయించి, నాయన రాత కింద ఆ సంగతి రాసి ఫోటో పంపినాడు. రాసింది తెలుగు అక్షరాల్లో. మేము కూడబలుక్కొని చదివి అమ్మకు వినిపించినాము.