పంగిడిలో పూసకట్టిన నిప్పు

రాజమండ్రి నుంచి గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా పంగిడి వైపు వెళ్తే పచ్చటి పొలాల మధ్య రాతి క్వారీలు ఎదురవుతాయి. క్రషర్ల దుమ్ము కింద కనిపించే ఆ నల్లరాయి బసాల్ట్. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా!

దాని పుట్టిల్లు మహాబలేశ్వరం ఉన్న పడమటి కనుమలట. రెండుచోట్ల రాళ్ల రసాయన కూర్పును పోల్చి స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో ఆ మాటే చెప్పింది. మరి అంతదూరం గడ్డకట్టకుండా ఎలా వచ్చింది? లావా అంటే సిలికా, అల్యూమినా, సున్నం, ఇనుము వంటి ఆక్సైడ్ల కలగలుపు. నీళ్లలా ఒకే వేడి దగ్గర గడ్డకట్టదు. సుమారు 1,200 డిగ్రీల నుంచి చల్లారుతూ, నెయ్యి పేరుకున్నట్టు పూసపూసగా స్ఫటికాలు కడుతుంది. మిగిలిన ద్రవం పారుతూనే ఉంటుంది. పైన మీగడలా కట్టిన పెచ్చు లోపలి వేడిని కాపాడుతుంది.

విశాఖ ఉక్కు కొలిమిలో సున్నపురాయి వాడకం వెనకా ఈ కిటుకే ఉంది. సిలికా ఒక్కటే అయితే 1,700 డిగ్రీలు దాటితేగాని కరగదు. సున్నం తోడైతే అంతకు తక్కువ వేడికే చిట్టెమై జారుతుంది.

కాతేరు దగ్గర రెండు లావా పొరల నడుమ గుల్లలున్న సున్నపురాయి కనిపించింది. మొదటి లావా చల్లారాక అక్కడ నీళ్లు నిలిచాయన్నమాట. ఇలాంటి పొరలు బయటపడేది క్వారీ తవ్వినప్పుడే. కంకరై లారీ ఎక్కేదీ అప్పుడే.